నవల మీద చర్చ నడపబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ బుక్ క్లబ్‌లో ఈసారి చర్చ నడిపే బాధ్యత నీ మీద పడిందని, చిన్న వయసులోనే తల్లిదండ్రులైన ఇద్దరి నవలను ఎంచుకున్నావని రాశావు. ఉత్తరం అందగానే నేనూ ఆ పుస్తకం తెప్పించుకుని చదివాను. మంచి నవలే, కాని దాని మీద చర్చ నడపడం అంత సులువు కాదు. పదిహేడేళ్ళ అమ్మాయి, ఆమెకన్నా ఏడాది పెద్దవాడైన అబ్బాయి, వాళ్ళ వెనక అంతస్తులో ఏ మాత్రం పొంతన లేని రెండు కుటుంబాలు. ఇలాంటి కథ దొరికితే అందరం ముందు తీర్పు చెప్పడానికే తొందరపడతాం. తప్పు అమ్మాయిదా, అబ్బాయిదా, పెంపకానిదా అన్న దగ్గర మొదలైతే గంటన్నరా అక్కడే గడిచిపోతుంది. పుస్తకం తెరిచే అవసరం కూడా ఎవరికీ రాదు.

అలా జరగకూడదంటే మనుషుల గుణగణాల జోలికి పోకుండా, ఎవరు ఏ పని చేస్తున్నారో అడుగు. పాప రాత్రి ఏడిస్తే లేచేది ఎవరు? టీకా వేయించే రోజున పని మానుకునేది ఎవరు? తొలి వారాల్లో పసిబిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. అంటే పగలూ రాత్రీ రెండు మూడు గంటలకోసారి. రచయిత్రి ఆ నెలను రెండు వాక్యాల్లో దాటించేసింది. మీరు మాత్రం అక్కడ ఆగి, అమ్మాయి పరీక్షలు ఎప్పుడో వెనక్కి తిప్పి చూసుకోండి. డబ్బున్న ఇంట్లో ఆయాను పెట్టుకుని ఆ నిద్రను కొనుక్కోవచ్చు. లేని ఇంట్లో ఎవరో ఒకరు తమ నిద్ర మానుకోవాలి. వర్గభేదం గురించి నువ్వు ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, ఈ లెక్క చాలు.

ఇంకో పని చెయ్యి. ఒక కాగితం మీద పాత్రల వయసులు రాసుకుని వెళ్ళు. అమ్మమ్మ అనగానే మన మనసులో జుట్టు నెరిసిన పెద్దావిడ మెదులుతుంది. ఈ నవలలో పాప పుట్టేనాటికి అమ్మమ్మకు 37 ఏళ్ళు. ఆవిడ ఇంకా బట్టలు కుట్టి ఇల్లు నడుపుతున్న మనిషి. పాపను చూసుకోవాలంటే మిషను ఆపాలి, మిషను ఆపితే అద్దె కట్టలేదు. నానమ్మకు ఈ ఇబ్బంది లేదు. అందుకే ఆవిడ ప్రేమ ఎక్కువగా, అమ్మమ్మ ప్రేమ తక్కువగా కనిపిస్తాయి. మీలో చాలామంది అమ్మమ్మను కఠినురాలని అంటారు, అది ఖాయం. అప్పుడు వాళ్ళతో వాదానికి దిగకు, వయసుల కాగితం బల్ల మధ్యలో పెట్టి ఊరుకో.

ఇక ఉయ్యాల ఘట్టం. దాన్ని తప్పకుండా పైకి చదివించు. నానమ్మ టేకు ఉయ్యాల చేయించి పంపుతుంది. అది అమ్మమ్మ ఇంటి గుమ్మంలో పట్టదు. తెచ్చినవాళ్ళు అడ్డంగా తిప్పుతారు, నిలువుగా ఎత్తుతారు, చివరికి వాకిట్లో దించి వెళ్ళిపోతారు. వానొస్తుందని అమ్మమ్మ దాని మీద పాత దుప్పటి కప్పుతుంది. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనరు. నవల మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించిన పేజీ అదే. చదవడం అయ్యాక ఒక్కటే అడుగు: ఉయ్యాలను వెనక్కి తీసుకెళ్ళమని ఎవరు చెప్పాలి? చెబితే ఏమవుతుంది? అడిగాక కాసేపు ఎవరూ మాట్లాడరు. కంగారుపడి నువ్వే జవాబు అందించకు. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకునేలోపు ఎవరో ఒకరు నోరు విప్పుతారు.

కథను నలుగురు వంతులవారీగా చెబుతారు కదా. అమ్మాయి, అబ్బాయి, నానమ్మ, పెద్దయ్యాక పాప. అమ్మమ్మకు మాత్రం ఒక్క అధ్యాయం కూడా లేదు. అందరి బరువూ మోసిన మనిషికి మాట్లాడే వంతు రాలేదు. ఇది రచయిత్రి లోపమేనని నా గట్టి అభిప్రాయం. కావాలనే అలా రాసిందనీ, ఆ మౌనమే ఆవిడ అధ్యాయమనీ అనేవాళ్ళు మీలో ఉంటారు. ఈ రెండు వాదాలూ బలమైనవే, బాగా సాగనివ్వు. అబ్బాయి గురించి కూడా అడగడం మరవకు. అతను మళ్ళీ కాలేజీకి వెళ్ళగలిగాడు, ఆమె వెళ్ళలేకపోయింది. అతను చెడ్డవాడని చెప్పే వాక్యం నవలలో ఎక్కడా లేదు. మంచివాడై ఉండి కూడా అతను దేన్ని చూడలేకపోయాడో పేజీ సంఖ్యతో సహా వెతికించు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన సంగతి ఒకటి ఉంది. ఆ గదిలో పద్దెనిమిదికే తల్లి అయినవాళ్ళు ఉండవచ్చు, అలాంటి తల్లికి పుట్టినవాళ్ళూ ఉండవచ్చు. ఆ సంగతి నీకు తెలియకపోవచ్చు. అందుకే మొదలుపెట్టే ముందే చెప్పు: మనం మాట్లాడేది పాత్రల గురించి, సొంత సంగతులు చెప్పాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. ‘మీ అనుభవం ఏమిటి’ అని ఎవరినీ పేరు పెట్టి అడగకు. ఎవరైనా తమంతట తాము చెబితే మధ్యలో అడ్డుపడకుండా వినండి, సలహాలు మాత్రం ఇవ్వకండి. ‘ఆ రకం కుటుంబాల్లో ఇంతే’ లాంటి మాట వస్తే అక్కడికక్కడే, మర్యాదగా, ‘ఏ పేజీలో అలా అనిపించింది’ అని అడుగు. ఆ మాటకు నొచ్చుకునే మనిషి పక్క కుర్చీలోనే ఉండవచ్చు.

మిగిలినవి చిన్న సంగతులు. ఎనిమిది, పది మందికి మించితే అందరికీ వంతు రాదు, రెండు జట్లు చెయ్యి. 300 పేజీల నవల, గంటకు 40 పేజీల చొప్పున చదివినా ఏడెనిమిది గంటలు పడుతుంది. పసిపిల్లలున్నవాళ్ళకు ఆ గంటలు దొరకడానికి మూడు వారాలైనా గడువివ్వు. పూర్తి చేయలేకపోయినవాళ్ళనూ రమ్మను, ఉయ్యాల ఘట్టం వరకు చదివితే చాలు. ప్రశ్నలు ఐదు రాసుకో, మూడు అడిగేసరికి సమయం అయిపోతుంది. బాగా మాట్లాడేవాళ్ళు ఇద్దరు ఉంటారు, వాళ్ళలో ఒకరికి పైకి చదివే పని అప్పగించు.

ప్రశ్నలు రాయడం అయ్యాక ఒకసారి నాకు పంపు. అమ్మమ్మ గురించి నువ్వు ఏమడుగుతావో చూడాలని ఉంది.

ఇట్లు
మీ పెద్దమ్మ