ఆఫ్రికా పల్లె మహిళలకు ఫోను వల్ల నిజంగా మేలు జరిగిందా?

ఆఫ్రికా గ్రామీణ మహిళలకు సమాచార సాంకేతికత నిజంగా ఉపయోగపడుతోందా, లేక అది సభల్లో చెప్పుకునే మాటేనా అని అడిగారు. ఖండం మొత్తానికి నేను జవాబు చెప్పలేను. కెన్యాలో నైవాషా సరస్సు ఒడ్డున ఒక పూలతోటల కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం చేశాను కాబట్టి, అక్కడ చూసింది చెబుతాను. మేలు జరిగింది. అదీ ఇంటర్నెట్ రాకముందే, మీటలు నొక్కే చవక ఫోనుతోనే జరిగింది.

మా దగ్గర గులాబీలు ఏరి కట్టలు కట్టేవారిలో ఎక్కువమంది స్త్రీలే. కిసీ, కాకమెగా వంటి పశ్చిమ ప్రాంతాల నుంచి వచ్చినవారు. పిల్లలు ఊళ్లో అమ్మమ్మల దగ్గర పెరుగుతుంటారు. ఫోను ద్వారా డబ్బు పంపే ఎం-పెసా అనే సేవ రాకముందు జీతంలో కొంత కవరులో పెట్టి ఊరి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవారట. సఫారీకామ్ అనే మొబైల్ ఫోను సంస్థ 2007 మార్చిలో ఎం-పెసా ప్రారంభించాక, వీధి చివరి దుకాణంలో నగదు ఇస్తే అది ఫోనులో జమ అవుతుంది. అక్కడి నుంచి పంపితే అమ్మకు సందేశం వెళ్తుంది. ఆమె గుర్తింపు కార్డు చూపి తమ ఊరి దుకాణంలో తీసుకుంటుంది. బ్యాంకు ఖాతా అక్కర్లేదు.

ఇందులో వేగం గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం గోప్యతే పెద్ద విషయంగా తోచింది. చేతిలో నగదు కనిపిస్తే మరిది ఫీజుకో, భర్త సాయంత్రపు ఖర్చుకో వెళ్లిపోతుంది. నాలుగంకెల పిన్ వెనుక ఉన్న డబ్బు ఎంతో ఆమెకే తెలుసు. తవ్‌నీత్ సూరి, విలియం జాక్ అనే ఆర్థికవేత్తలు 2016లో ప్రచురించిన అధ్యయనం ఎం-పెసా వల్ల సుమారు 1,94,000 కుటుంబాలు కటిక పేదరికం నుంచి బయటపడ్డాయనీ, సుమారు 1,85,000 మంది స్త్రీలు వ్యాపారం లేదా చిల్లర అమ్మకాల వైపు మళ్లారనీ అంచనా వేసింది. స్త్రీలే నడిపే కుటుంబాల్లో ప్రభావం మరింత ఎక్కువట. ఆ అంకెలు చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. మా షెడ్డులో పనిచేసినవారిలో కొందరు ఊరికి తిరిగి వెళ్లి కూరగాయల అంగడి పెట్టుకున్నారు.

అక్కడ చామా అనే పొదుపు బృందాలు ఉంటాయి, దాదాపు మన డ్వాక్రా సంఘాల వంటివే. చందాలు ఫోనులో కట్టడం మొదలయ్యాక ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అన్న గొడవ చాలావరకు తగ్గింది, సందేశమే రసీదు కనుక. కరెంటు లేని ఇళ్లకు మరో మేలు కూడా కలిగింది. ఎం-కోపా వంటి సంస్థలు సౌర దీపాలను రోజువారీ చిన్న వాయిదాల మీద ఇస్తాయి, వాయిదాలు ఫోనులోనే. ఫోను ఛార్జింగ్ కోసం డబ్బిచ్చి అంగడికి నడిచే బాధ అలా తప్పింది. (కట్టకపోతే దీపం దూరం నుంచే ఆగిపోతుంది. అప్పు ఇచ్చేవాడు ఎక్కడైనా అప్పు ఇచ్చేవాడే.)

ఇక అంత నమ్మకం కలగనివీ ఉన్నాయి. మార్కెట్ ధరలు సందేశంగా వస్తే రైతు మహిళ బేరమాడగలదని అంటారు. ధర తెలిసినా లారీ దళారిదే అయినప్పుడు, టమాటాలు రేపటికి ఆగవు. ఫోనులో క్షణాల్లో దొరికే అప్పులు ఇంకో తలనొప్పి. వడ్డీలు, బంధువులకు ఫోన్లు చేసి పరువు తీయడం ఎంత ముదిరాయంటే, 2022లో కెన్యా కేంద్ర బ్యాంకు ఆ సంస్థలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. చదవడం రాని అమ్మమ్మకు మనవడే సందేశం చదివి పెడతాడు, అప్పుడు పిన్ కూడా వాడికే తెలుస్తుంది. గోప్యత అక్కడితో సరి.

అలాంటి అమ్మమ్మలకు ఎక్కువగా పనికొచ్చేది, నా దృష్టిలో, రేడియో. కిసీ భాషలో ఎగెసా ఎఫ్ఎం, లువో భాషలో రమోగి ఎఫ్ఎం వంటివి అక్షరం రాకపోయినా ఇంటి మాటలోనే వినిపిస్తాయి. మీరు ప్రాజెక్టు రాస్తుంటే యాప్‌ల జాబితా కంటే ముందు వాటి గురించి ఒక అధ్యాయం పెట్టండి.