బర్గండీ కాలువలో వారం రోజులు

ప్రశ్న: సెప్టెంబరులో నలుగురం ఫ్రాన్సు వెళ్తున్నాం. అద్దె బోటు మేమే నడుపుకుంటూ, ద్రాక్షతోటలు చూస్తూ, వారంలో బర్గండీ కాలువ మొత్తం చుట్టి రావచ్చా? లైసెన్సు కావాలా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: వారంలో కుదరదండీ. ఆ కాలువ పొడవు 242 కి.మీ., లాకులు (నీటిమట్టం మార్చి బోటును పైకీ కిందికీ చేర్చే తలుపుల గదులు) 189. బోటు వేగం మనిషి నడకకు కాస్త ఎక్కువ, అంతే. ఒక్కో లాకు దగ్గర పావుగంట పోతుంది. పైగా బర్గండీ అంటే వైన్‌కు పేరున్న ప్రాంతమే అయినా, కాలువ పేరు చూసి ఆశపడకండి, దాని ఒడ్డున ఎక్కువగా కనబడేవి పచ్చికబయళ్లూ ఆవులూ! తోటలు కావాలంటే షాలోన్ పట్నం నుంచి బయల్దేరే మరో కాలువ, కనాల్ ద్యు సాంత్ర్ మేలు. దారిలోని షాన్యీ, సాంత్నే ఊళ్ల దగ్గర తోటలు కాలువకు చేరువలోనే ఉంటాయి. సైకిళ్లు కూడా అద్దెకు తీసుకోండి.

అద్దె బోటుకు లైసెన్సు అక్కర్లేదు. కంపెనీవాళ్లు కాసేపు నేర్పి తాత్కాలిక కార్డు ఇస్తారు.

మీ గోదావరి లాకుల్లాంటివే అక్కడివీ. కొత్తవాళ్లు తప్పు చేసేది లాకులో బోటు కిందికి దిగేటప్పుడే. బోటు తాడును గట్టు మీది గుంజకు ముడి వేస్తే నీరు తగ్గేకొద్దీ బోటు గాలిలో వేలాడుతుంది. గుంజ చుట్టూ ఒక చుట్టు తిప్పి, కొస చేత్తో పట్టుకుని వదులుతూ ఉండాలి. లాకు వెనక తలుపుకు దూరంగా ఉండండి. దాని కింది రాతి గట్టు మీద చుక్కాని కూర్చుంటే బోటు ముందుకు ఒరిగిపోతుంది. లాకులో బోటు పైకి లేచేటప్పుడు లాకు ముందు తలుపు దగ్గర నీటి ఉరవడి ఎక్కువ, అందుకని వెనగ్గా ఆగండి.