దేశానికి ముఖం ఇచ్చేటప్పుడు

అమలాపురం

చిరంజీవికి ఆశీస్సులు.

దేశాలనే మనుషులుగా చూపే జపాన్ కామిక్ హెటాలియా పాత్రలను యానాం రేవుకు తీసుకువచ్చి నువ్వు రాసిన ఫ్యాన్ ఫిక్షన్‌ను, అంటే అభిమానిగా అల్లిన కథను, శ్రద్ధగా చదివాను. ఇంకొకరు సృష్టించిన పాత్రలతో రాసేది సాహిత్యమవుతుందా అని ఉత్తరం చివర అడిగావు. వాల్మీకి ఊర్మిళను దాదాపు పలకరించకుండానే వదిలేశాడు. మన ఇళ్లలో ఆడవాళ్లు ఆమెకు పద్నాలుగేళ్ల నిద్రనిచ్చి, అడవి నుంచి తిరిగొచ్చిన భర్తను గుర్తుపట్టక పరపురుషుడనుకుని మందలించే ఘట్టాన్ని కట్టి పాడుకున్నారు. మూలంలో లేనిదాన్ని మూలానికి అతికేలా చెప్పడం మనకు కొత్త విద్య కాదు కనుక ఆ సందేహం పెట్టుకోకు.

అయితే దేశాలను మనుషులుగా చేసి రాసేవారి ముందు మూలాలు రెండుంటాయి. ఒకటి, హెటాలియా సృష్టికర్త హిదెకాజ్ హిమారుయా 2006లో వెబ్ కామిక్‌గా మొదలుపెట్టి ఆ పాత్రలకు ఇచ్చిన స్వభావం. రెండోది, ఆ దేశాల చరిత్ర. మొదటిదాన్ని నువ్వు మార్చవచ్చు, కాదనవచ్చు, తలకిందులు కూడా చెయ్యవచ్చు. రెండోదాన్ని ఏ ఒడ్డున నిలబడి చూడాలో ఎంచుకునే స్వేచ్ఛ మాత్రమే నీది. ప్రత్యామ్నాయ చరిత్ర అని ముందే చెప్పి రాస్తే తప్ప, జరిగినదాన్ని జరగలేదనడానికి వీల్లేదు.

అభిమానుల ఊహల్లో నన్ను బాగా ఆకట్టుకున్నది పవిత్ర రోమన్ సామ్రాజ్యం, అంటే ఒకప్పుడు జర్మన్ ప్రాంతాలు ప్రధానంగా ఉన్న పాత సామ్రాజ్యం, గురించినది. మూలంలో ఆ పాత్ర చిన్న పిల్లవాడు. ఇటలీని ప్రేమించి, తిరిగి వస్తానని మాట ఇచ్చి యుద్ధానికి వెళతాడు, మళ్లీ రాడు. ఆ పిల్లవాడే జ్ఞాపకం పోగొట్టుకుని జర్మనీగా పెరిగాడని ఎందరో అభిమానులు రాశారు. నెపోలియన్ ధాటికి ఆ సామ్రాజ్యం 1806లో రద్దయింది, జర్మన్ సామ్రాజ్యం 1871లో ఏర్పడింది. నడుమ ఉన్న ఖాళీలోనే ఆ ఊహ మొలిచింది. రాజ్యం పోయాక దాని ఊళ్లూ, భాషా, జనమూ ఎవరివవుతాయన్న పెద్ద ప్రశ్నను వాళ్లు ప్రేమకథలో పెట్టి అడిగారు. తేదీలను పక్కకు నెట్టకుండా, వాటి మధ్య చోటు వెతుక్కున్నారు కాబట్టే అది అంతమందికి నిజమనిపించింది.

ఇక నీ కథ. నీ ఫ్రాన్స్ పూలగుత్తి పట్టుకుని రేవులో నిలబడి ఇంగ్లండ్‌తో సరసంగా వాదులాడతాడు. అది మూలంలోని ఫ్రాన్సే, తానే ప్రేమకు చిరునామా అనుకునేవాడు. కానీ యానాంలో అతనికి ఇంకొక ముఖం ఉంది. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి 14, మగపిల్లవాడి పెళ్లికి 18 ఏళ్లు నిండాలన్నది. ఆ చట్టం అప్పట్లో ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో చెల్లేది కాదు. అందుకని బ్రిటిష్ ఇలాకాలోని కుటుంబాలు ముక్కుపచ్చలారని పిల్లలను అక్కడికి తీసుకువెళ్లి పెళ్లిళ్లు చేసేవి. ఊరికి కళ్యాణపురమన్న పేరే వచ్చింది. ప్రేమ దేశమని చెప్పుకునేవాడి గడపలో, నిద్ర ఆపుకోలేక తల్లి ఒడిలోనే తూగుతున్న పెళ్లికూతురి మెడలో తాళి పడుతూ ఉంటే అతడు ఏం చేస్తాడు? చూడనట్టు తల తిప్పుకుంటాడా, తన చట్టం అడ్డు చెప్పదని సమర్థించుకుంటాడా? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు, హాస్యానికి గీసిన పాత్ర నీ చేతిలో మనిషవుతుంది. ఫ్రాన్స్‌ను దుర్మార్గుడిగా మార్చమని నేను అనడం లేదు. అతని సరసానికి ఈ ఊళ్లో పడిన నీడను చూడమంటున్నాను.

పాలకొల్లు డచ్చివారిని ఒక పేరాలో తెచ్చి వదిలేశావు. 1824 ఒప్పందంతో వాళ్లు తమ స్థావరాలను ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లిపోయారు కనుక అంతే చాలు.

ఒక జాగ్రత్త. 2009 జనవరిలో ఈ కామిక్ ఆధారంగా తీసిన యానిమే (జపాన్ కార్టూన్ ధారావాహిక) ప్రసారం కావలసి ఉండగా, అందులో తమ దేశాన్ని చిత్రించిన తీరు అవమానకరమని దక్షిణ కొరియాలో నిరసన రేగి, జపాన్ టీవీ ఛానెల్ ప్రసారాన్ని మానుకున్నది. దేశానికి ముఖం గీస్తే అందులో తమను చూసుకునే మనుషులుంటారు. నీ యానాం పాత్ర కూడా అంతే. యూరప్‌లో యుద్ధం వచ్చినప్పుడల్లా చేతులు మారి, 1814 పారిస్ ఒప్పందంతో ఫ్రెంచివారికి తిరిగి దక్కిన ఊరును నువ్వు ఏడ్చే పసిపాపగా చూపించావు. అక్కడ బేరం చేసినవాళ్లూ, పన్ను కట్టినవాళ్లూ, ఎదురు తిరిగినవాళ్లూ ఉన్నారమ్మా. ఆ పాత్రకు వయసునివ్వు, నోరునివ్వు.

1954 నవంబరులో పాలన మన చేతికి వచ్చినా, చట్టరీత్యా బదిలీ 1962 దాకా పూర్తి కాలేదు. నీ కథకు కావలసిన ఖాళీ అక్కడ ఉంది; ఆ ఏళ్లలో ఫ్రాన్స్ వెళ్లినట్టా, వెళ్లనట్టా అన్నది నువ్వు తేల్చుకోవాలి. ముందుగా పెళ్లి ఘట్టం రాసి పంపు. రేవులో వాదన ఉండాలో తీసెయ్యాలో అది చదివాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.