సూపర్‌మార్కెట్ ఫ్రీ ఛార్జింగ్‌ను నమ్ముకుని ఈవీ కొనొచ్చా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. పార్కింగ్ ఉంది కానీ అక్కడ కరెంటు పాయింటు లేదు. ఇంటికి దగ్గర్లోని సూపర్‌మార్కెట్‌లో 7 కిలోవాట్ల ఛార్జర్ ఒకటి ఉంది, రెండు సాకెట్లు, ఛార్జింగ్ ఉచితం. పార్కింగ్‌కు 2 గంటలే పరిమితి. ఏడాదికి 8,000 మైళ్లు తిరుగుతాం. 2019 నాటి నిస్సాన్ లీఫ్ 40 (40 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు) కొందామా, పెట్రోల్ హైబ్రిడ్ కొందామా అని ఆలోచిస్తున్నాం. లీఫ్ అయితే ఇంధనం ఖర్చు సున్నా అని లెక్క వేసుకున్నాను. సరేనా?

జవాబు: ఆ సున్నాను కొట్టేయండి. ఉచిత ఛార్జింగ్ దొరికిన రోజు దాన్ని లాభంగా చూడండి, బడ్జెట్‌లో మాత్రం రాయకండి.

మొదట యూనిట్ల లెక్క. లీఫ్ యూనిట్‌కు 3.5 మైళ్లు ఇస్తుందనుకుంటే 8,000 మైళ్లకు దాదాపు 2,300 యూనిట్లు. ఛార్జింగ్‌లో పోయే వృథా కలిపితే 2,500. అంటే వారానికి 48. పోస్ట్ (ఛార్జర్ స్తంభం) మీద 7 కిలోవాట్లు అని రాసి ఉన్నా లీఫ్ లోపలి ఛార్జర్ తీసుకునేది 6.6 మాత్రమే. రెండు గంటలకు 13 యూనిట్లు, 45 మైళ్లకు మించదు. పక్క సాకెట్‌లో ఇంకో కారు ఉంటే కొన్ని పోస్టులు కరెంటును ఇద్దరికీ పంచుతాయి, అప్పుడు మీకొచ్చేది ఇంచుమించు సగమే. అంతా సవ్యంగా ఉన్నా వారానికి నాలుగు సార్లు, ఒక్కోసారి రెండు గంటలు అక్కడ గడపాలి. అన్నిసార్లు సూపర్‌మార్కెట్‌లోకి వెళ్లి ఖాళీ చేతులతో బయటికి వచ్చేవాళ్లు తక్కువ. ఆ కరెంటు ఉచితంగా ఇవ్వడంలో షాపు వాళ్ల ఆలోచన కూడా అదే.

ఇంకో విషయం. కారు ఛార్జింగ్‌లో ఉన్నంత మాత్రాన పార్కింగ్ గడువు ఆగదు. గేటు దగ్గరి కెమెరా చూసేది మీ నంబర్ ప్లేటును, కేబుల్‌ను కాదు. గడువు దాటితే ఇంటికి వచ్చే ప్రైవేటు పార్కింగ్ నోటీసు చాలాచోట్ల 70 నుంచి 100 పౌండ్లు, త్వరగా కడితే కొంత తగ్గిస్తారు. యూనిట్ 45 పెన్స్ లెక్కన చూసినా ఒక విడతలో మీకు మిగిలేది 6 పౌండ్లు. ఒక్క నోటీసు వస్తే పదికి పైగా విడతల లాభం పోయినట్టే.

ఈ ఉచితం ఎన్నాళ్లుంటుంది? టెస్కో సూపర్‌మార్కెట్ 2018లో ఫోక్స్‌వ్యాగన్, ఛార్జర్ల కంపెనీ పాడ్ పాయింట్‌లతో కలిసి 600 స్టోర్ల దాకా ఛార్జర్లు పెడతామని ప్రకటించి, 7 కిలోవాట్ల పోస్టుల్లో ఉచితంగానే ఇచ్చింది. 2022 నవంబరు 1 నుంచి ధర పెట్టింది: 7 కిలోవాట్లకు యూనిట్ 28 పెన్స్, 22 కిలోవాట్లకు 40, ర్యాపిడ్‌కు, అంటే చాలా వేగంగా నింపే ఛార్జర్‌కు, 50. 2024లో మొదలైన సైన్స్‌బరీస్ సూపర్‌మార్కెట్ సొంత ఛార్జింగ్ అయితే తొలి రోజు నుంచీ డబ్బులకే. మీ దగ్గరి స్టోర్ కూడా ఎప్పుడైనా అదే చేయొచ్చు, అందుకు మీ అనుమతి అక్కర్లేదు.

ఇక నమ్మకం సంగతి. బ్రిటన్‌లో 2024 నవంబరు నుంచి ఛార్జర్లు 99% సమయం పనిచేయాలన్న నియమం ఉంది. వినడానికి బాగుంది. కానీ అది 50 కిలోవాట్లు, ఆపైన ఉన్న ర్యాపిడ్‌లకే. పైగా ఏడాది మొత్తానికి, ఆ కంపెనీ నెట్‌వర్క్ అంతటికీ కలిపి తీసే సగటు. వెయ్యి ఛార్జర్లున్న కంపెనీలో ఒకటి నెలల తరబడి మూలపడినా సగటు చెక్కుచెదరదు. మీరు చెప్పిన 7 కిలోవాట్ల పోస్ట్ అసలు ఆ లెక్కలోకే రాదు. ఉచిత పోస్ట్ ఆగిపోతే ఎవరి ఆదాయమూ తగ్గదు కాబట్టి బాగుచేయాలన్న తొందరా ఉండదు. స్థలం ఒకరిది, స్టోర్ ఒకరిది, ఛార్జర్ ఇంకొకరిది అయినచోట ఫిర్యాదు ముగ్గురి మధ్యా తిరుగుతూ ఉంటుంది.

పాడయ్యే తీరు తెలిస్తే కొంత సమయం కలిసొస్తుంది. పోస్ట్‌లో లైటే లేకపోతే లోపల బ్రేకర్ పడిపోయి ఉండొచ్చు, అది ఇంజనీరు వస్తేనే తేలుతుంది. లైటు ఉండి యాప్ మాత్రం స్పందించకపోతే సాధారణంగా సిగ్నల్ సమస్య: పోస్ట్ లోపలి మోడెమ్ సర్వర్‌తో మాట్లాడలేకపోతోంది. 3జీ సేవలు మూతపడ్డాయి కాబట్టి 3జీ మోడెమ్ ఉన్న పాత పోస్ట్ అయితే దాన్ని మార్చేదాకా అంతే. కొన్ని పోస్టులు ప్లగ్ పెట్టగానే కరెంటు ఇస్తాయి, కొద్ది నిమిషాల్లో యాప్‌లో నిర్ధారించకపోతే ఆపేస్తాయి. షాపింగ్ ముగించుకుని వచ్చి చూస్తే 5 మైళ్లే పెరిగి ఉంటాయి. కేబుల్ ఇరుక్కుపోతే లాగకండి, హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే దూరం నుంచే రీస్టార్ట్ చేసి లాక్ వదిలిస్తారు. 24 గంటల ఉచిత హెల్ప్‌లైన్ నియమం చిన్న పోస్టులకూ వర్తిస్తుంది. తప్పు కొన్నిసార్లు పోస్ట్‌ది కాదు, మన కారుదే. పాత యజమాని రాత్రి కరెంటు కోసం పెట్టుకున్న టైమర్ అలాగే ఉంటే పగలు ఎక్కడ ప్లగ్ పెట్టినా కారు కరెంటు తీసుకోదు. ఇలాంటి పోస్టులకు చాలావరకు కారును పోస్ట్‌కు కలిపే సొంత కేబుల్ (టైప్ 2 రకం) కావాలి, సెకండ్‌హ్యాండ్ కారుతో అది ఇస్తున్నారో లేదో ముందే అడగండి. కొనాల్సి వస్తే వంద పౌండ్ల పైమాటే.

ఇప్పుడు అసలు లెక్క. 2,500 యూనిట్లలో 1,000 ఉచితంగా దొరికాయనుకుందాం, నా దృష్టిలో ఇది ఉదారమైన అంచనా. ఇంకో 1,000 డబ్బులిచ్చే 7 కిలోవాట్ల పోస్టుల్లో 45 పెన్స్ చొప్పున 450 పౌండ్లు. మిగతా 500 ర్యాపిడ్‌లో 75 పెన్స్ చొప్పున 375. మొత్తం 825. గ్యాలన్‌కు (దాదాపు 4.5 లీటర్లకు) 60 మైళ్లిచ్చే హైబ్రిడ్‌కు, లీటరు 1.35 పౌండ్లనుకుంటే, దాదాపు 820. అంటే 40% కరెంటు ఉచితంగా వచ్చినా సమానమే! ఆ పోస్ట్ మూతపడి అంతా 45 పెన్స్‌కే కొంటే 1,125. ర్యాపిడ్ మీదే ఆధారపడితే 1,700 దాటుతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఈవీలకు రోడ్ ట్యాక్స్ మినహాయింపు పోయింది, ఈ రెండు కార్లకూ వార్షిక రేటు ఒకటే. 2028 ఏప్రిల్ నుంచి ఈవీకి మైలుకు 3 పెన్స్ వేస్తామని 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించారు, మీకది ఏడాదికి 240 పౌండ్లు.

మరి లీఫ్ వద్దనా? అలా అనను. అదే 2,500 యూనిట్లు ఇంట్లో రాత్రి టారిఫ్‌లో యూనిట్ 8 పెన్స్‌కు దొరికితే ఏడాదికి 200 పౌండ్లే. అందుకే సూపర్‌మార్కెట్ చుట్టూ తిరిగే ముందు రెండు చోట్ల అడగండి. ఒకటి, మీ ఇంటి ఓనర్‌ను. సొంత పార్కింగ్ స్థలం ఉన్న అద్దెదారులకు, ఫ్లాట్ యజమానులకు ఛార్జర్ పెట్టుకోవడానికి ప్రభుత్వ గ్రాంటు ఉంది. ఓనర్ రాతపూర్వక అనుమతి కావాలి. మీ పార్కింగ్ స్థలం దాకా కేబుల్ లాగడం సాధ్యమో కాదో బిల్డింగ్ మేనేజర్ చెప్పాలి. రెండు, మీ ఆఫీసు. ఉద్యోగులందరికీ అందుబాటులో ఉండేలా ఆఫీసు ప్రాంగణంలో యాజమాన్యం ఇచ్చే ఛార్జింగ్ మీద మీకు పన్ను పడదు. వారానికి రెండు రోజులు అక్కడ 8 గంటలు నిలిపితే మీ అవసరమంతా తీరిపోతుంది.

రెండూ కుదరకపోతే కొనకముందే రెండు వారాలు ఆ పోస్ట్‌ను గమనించండి. మీరు నిజంగా వెళ్లే వేళల్లోనే వెళ్లి చూడండి, ఆదివారం ఉదయం ఖాళీగా ఉండటం లెక్కలోకి రాదు. ఛార్జర్లు ఎక్కడున్నాయో చూపే జాప్‌మ్యాప్ యాప్‌లో ఆ పోస్ట్ కింద ఇటీవల వాడినవాళ్లు రాసినవి చదవండి. నాలుగు సార్లలో మూడు సార్లు సాకెట్ ఖాళీగా, పనిచేస్తూ కనిపించకపోతే హైబ్రిడ్ తీసుకోండి.

లీఫ్‌నే ఎంచుకుంటే ఇంకో రెండు మాటలు. దాని ర్యాపిడ్ సాకెట్ ఛాడెమో రకం. కొత్త ర్యాపిడ్ స్టేషన్లలో చాలావాటికి ఆ కేబుల్ ఉండదు, ఉన్నచోట ఒక్కటే ఉంటుంది. మీ దారిలో అవి ఎన్ని ఉన్నాయో మ్యాప్‌లో ఫిల్టర్ పెట్టి చూడండి. ర్యాపిడ్‌లో కార్డు తాకించగానే కొన్ని కంపెనీలు పదుల పౌండ్లు బ్లాక్ చేస్తాయి. ఛార్జింగ్ మొదలవకపోతే మళ్లీ మళ్లీ తాకించకండి, ప్రతిసారీ ఇంకో బ్లాక్ పడి, ఆ డబ్బు వెనక్కి రావడానికి రోజులు పట్టొచ్చు. అద్దె, కౌన్సిల్ ట్యాక్స్ కట్టే ఖాతా కార్డు కాకుండా దీనికి వేరే కార్డు పెట్టుకోండి.