సి ప్రోగ్రాం నుంచి ఫొటో అప్‌లోడ్: మీ 4 బైట్లలోనే జవాబుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనది ఇదీ. విజయనగరంలో ఇంజనీరింగ్ మూడో ఏడాది. ప్రాజెక్టులో భాగంగా ఒక వెబ్‌క్యామ్ ఫొటోనీ, రెండు టెక్స్ట్ ఫీల్డులనీ సి ప్రోగ్రాం నుంచి మల్టీపార్ట్ ఫారంగా, అంటే టెక్స్టూ ఫైలూ ఒకే బాడీలో విడివిడి భాగాలుగా, సర్వర్‌కి పంపాలి. సాకెట్ (నెట్‌వర్క్ మీద నేరుగా బైట్లు పంపే దారి) తెరిచి అంతా చేత్తో రాశారు. టెక్స్ట్ చేరుతోంది గానీ ఫొటో మాత్రం అవతల 4 బైట్ల ఫైలుగా పడుతోంది. పోనీ నెట్‌లో డేటా పంపే సి లైబ్రరీ లిబ్‌కర్ల్ వాడదామంటే, నెట్‌లో దొరికిన ఫార్మ్‌యాడ్ (ఫారం కట్టే పాత ఫంక్షన్) కోడ్‌ని కంపైలర్ "డిప్రికేటెడ్", అంటే ఇక వాడొద్దు, అంటోంది. ఇప్పుడేం చెయ్యాలి?

"ఫొటో సరిగా వెళ్ళడం లేదు" అని ఊరుకోకుండా 4 అని అంకె రాశారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. మామూలు జేపెగ్ ఫైలు హెక్స్‌లో, అంటే బైట్లని అంకెలుగా చూపే ఎడిటర్‌లో, తెరిస్తే మొదట్లో ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్, ఈ0, 00, 10 అని ఉంటుంది. అయిదో బైటు సున్నా. సి భాషలో స్ట్రింగ్ అంటే సున్నా బైటు ఎదురయ్యేదాకా ఉన్నది. అంటే మీరు ఫొటోని ఒక క్యార్ బఫర్‌లోకి చదివి, దాని పొడవు స్ట్ర్‌లెన్‌తో కొలిచి ఉంటారు. లేకపోతే శాతం ఎస్ పెట్టి ఎస్‌ప్రింట్‌ఎఫ్‌తో బాడీలో (హెడర్ల తర్వాత వెళ్ళే అసలు డేటాలో) అతికించి ఉంటారు. రెండింటికీ ఫలితం ఒకటే, 4. ఎఫ్‌రీడ్ తిరిగి ఇచ్చిన అంకెనే పొడవుగా దాచుకోండి, అతికించడానికి మెమ్‌కాపీ వాడండి. విండోస్ మీద రాస్తుంటే ఫైలుని బైనరీ మోడ్‌లో తెరవాలి, లేకపోతే లోపలి బైట్లు కొన్ని చదివేటప్పుడే మారిపోతాయి.

ఇదంతా ఊహించి చెప్పడం లేదు, నాకూ సరిగ్గా 4 బైట్లే వచ్చాయి. మాది పలాస. 2018 మొదట్లో మా చిన్నాన్న పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీలో ఒక చిన్న పని ఒప్పుకున్నాను. ఎలక్ట్రానిక్ కాటా నుంచి సీరియల్ కేబుల్ మీద బరువు చదివే ప్రోగ్రాం అక్కడ అప్పటికే ఉంది, అదీ సి లోనే. ప్రతి లాట్‌కీ గ్రేడు, బరువు, పప్పు ఫొటో విశాఖలోని కొనుగోలుదారు ఆఫీసుకి వెళ్ళాలన్నారు. గ్రేడంటే డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అంటారే, అవి. పౌను బరువుకి ఎన్ని గింజలు తూగుతాయో ఆ లెక్క. రెండు రోజుల పని అనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

నేనూ మీలాగే సాకెట్‌తోనే మొదలుపెట్టాను. అందుకు సిగ్గుపడక్కర్లేదు. బ్రౌజర్ నుంచి ఫైలు పంపే ఈ పద్ధతి 1995 లో ఆర్‌ఎఫ్‌సీ 1867 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంతో వచ్చింది, ఇప్పుడు చూడాల్సింది 2015 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7578. చిన్న పత్రమే, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. కానీ దాన్ని చేత్తో కట్టేటప్పుడు కాలు జారే చోట్లు కొన్ని ఉన్నాయి. ఫొటో బాగయ్యాక మీరు తర్వాత పడబోయేది వాటిలోనే కాబట్టి ముందే చెబుతాను.

మొదటిది బౌండరీ. హెడర్‌లో (బాడీకి ముందు వెళ్ళే వివరాల్లో) ఒక మాట ఇస్తారు, బాడీలో ఒక్కో భాగం ముందు ఆ మాటే విడదీసే గీతలా ఉంటుంది. కాకపోతే బాడీలో దాని ముందు రెండు అడ్డగీతలు అదనంగా పెట్టాలి. చిట్టచివరి దానికి వెనక కూడా రెండు. బ్రౌజర్లు ఎంచుకునే మాటే నాలుగు అడ్డగీతలతో మొదలవుతుంది కాబట్టి, బ్రౌజర్ పంపిన బైట్ల ట్రేస్ చూసి కాపీ కొట్టేవాళ్ళకి ఎక్కడ నాలుగో ఎక్కడ ఆరో లెక్క తప్పుతుంది. నాకు తప్పింది. మీరు అడ్డగీతలు లేని మాట పెట్టుకోండి, 70 అక్షరాలు దాటకూడదు, ఫైలు లోపల ఆ మాట ఉండకూడదు.

రెండోది లైను చివర. ప్రతి హెడర్ లైనుకీ క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ రెండూ ఉండాలి, హెడర్ల తర్వాత ఒక ఖాళీ లైను. ఫైలు బైట్లు అయిపోయాక, బౌండరీకి ముందు వచ్చే ఆ రెండు బైట్లు ఫైలువి కావు, బౌండరీవి. మర్చిపోతే గీత గీతలా కనబడదు.

మూడోది కంటెంట్ లెంగ్త్, బాడీ మొత్తం ఎన్ని బైట్లో చెప్పే హెడర్. తక్కువ రాస్తే సర్వర్ ఆఖరి గీత చూడకుండానే ఆగిపోతుంది. ఎక్కువ రాస్తే మిగతా బైట్ల కోసం టైమవుట్ దాకా కాచుకుని కూర్చుంటుంది. నాది 2 బైట్లు ఎక్కువైంది. ఫొటో పంపిన ప్రతిసారీ స్క్రీను బిగుసుకుపోయేది, నేనేమో మా ఊరి నెట్‌ని తిట్టుకున్నాను. పాపం, నెట్ తప్పేం లేదు.

ఇవన్నీ సరిచేసి ఒక్కసారి పని చేయించాక, ఆ కోడ్ పక్కన పెట్టేయండి. హెచ్‌టీటీపీఎస్, రీడైరెక్టు, ప్రాక్సీ అంటూ రేపు ఒక్కోటీ అడుగుతారు. అవన్నీ సాకెట్ మీద మీరు రాయలేరు, రాయకూడదు కూడా. లిబ్‌కర్ల్‌కి మారండి.

ఇక మీ డిప్రికేటెడ్ సంగతి. లిబ్‌కర్ల్‌లో ఫారం కట్టడానికి రెండు దారులున్నాయి. పాతది ఫార్మ్‌యాడ్. 2017 అక్టోబరులో వచ్చిన 7.56.0 వెర్షన్‌లో మైమ్ ఫంక్షన్లు పెట్టి, పాతదాన్ని వద్దన్నారు. వార్నింగ్ వస్తోందంటే మీ దగ్గర కొత్తదే ఉంది, మైమ్ వాడండి. నాకు ఆ అదృష్టం లేదు. ఫ్యాక్టరీ పీసీలో ఉబుంటు 16.04, దాంతో వచ్చిన కర్ల్ 7.47.0. కాబట్టి ఫార్మ్‌యాడ్‌తోనే నెట్టుకొచ్చాను, దాని దెబ్బ కూడా తిన్నాను. అందులో విలువని కాపీ చేసుకునే ఆప్షన్ ఒకటి, పాయింటర్ మాత్రమే పట్టుకునే ఆప్షన్ ఒకటి. నేను తెలివనుకుని రెండోది వాడాను. కాటా మీద తర్వాతి డబ్బా పెట్టగానే అదే బఫర్‌లో కొత్త బరువు పడేది. ఈ ఫొటోకి ఆ బరువు వెళ్ళిపోయేది. వారం రోజులు ఎవరూ కనిపెట్టలేదు, కనిపెట్టాక చిన్నాన్న ముఖం చూడలేకపోయాను.

అదే ఏడాది అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పక్కనే తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఏమయ్యాయో మీ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ రేకులు లేచిపోయి ఆ పీసీ వానలో నానింది. దాని బదులు తెచ్చినదాంట్లో 18.04 వేశాం, కర్ల్ 7.58.0 వచ్చింది, అలా మైమ్‌కి మారాను.

పద్ధతి చెబుతాను. పేర్లు తెలుగులో రాస్తున్నాను, హెడర్ ఫైలులో పోల్చుకోవడం కష్టం కాదు. ముందు కర్ల్_మైమ్_ఇనిట్‌కి మీ ఈజీ హ్యాండిల్ (లిబ్‌కర్ల్‌లో ఒక బదిలీకి తెరిచే హ్యాండిల్) ఇస్తే ఖాళీ ఫారం వస్తుంది. ఒక్కో ఫీల్డుకీ కర్ల్_మైమ్_యాడ్‌పార్ట్, దానికి కర్ల్_మైమ్_నేమ్‌తో పేరు. టెక్స్ట్ అయితే కర్ల్_మైమ్_డేటా, ఇది విలువని కాపీ చేసుకుంటుంది కాబట్టి నా బరువుల గొడవ మీకు రాదు. ఫైలైతే కర్ల్_మైమ్_ఫైల్‌డేటాకి దారి ఇస్తే చాలు, పంపేటప్పుడే అది చదువుకుంటుంది. తర్వాత మైమ్‌పోస్ట్ ఆప్షన్‌కి ఫారం అప్పగించి, అసలు పంపే ఫంక్షన్ పెర్ఫామ్‌ని పిలవడమే. అంతా అయ్యాక ముందు ఈజీ హ్యాండిల్‌ని, ఆ తర్వాత ఫారాన్ని విడుదల చేయండి.

మీ ఫొటో డిస్కు మీద కాకుండా మెమరీలో ఉంటే కర్ల్_మైమ్_డేటాకి బఫర్‌తో పాటు పొడవు కూడా ఇవ్వాలి. పొడవు బదులు జీరో టెర్మినేటెడ్ (సున్నా బైటు దాకా) అని ఇచ్చారంటే మళ్ళీ 4 బైట్లకే వస్తారు! దానికి తోడు కర్ల్_మైమ్_ఫైల్‌నేమ్‌తో ఏదో ఒక ఫైలు పేరు పెట్టండి. పేరు లేకపోతే అవతల సర్వర్ మీద నడిచే పీహెచ్‌పీ దాన్ని ఫైలుగా చూడదు, మామూలు ఫీల్డనుకుంటుంది. నేను దీనికి ఒక ఆదివారం సమర్పించుకున్నాను.

ఒక్కటి మాత్రం చేయకండి. కంటెంట్ టైప్ హెడర్‌ని మల్టీపార్ట్ అని మీరే రాసి పెట్టకండి. సాకెట్ అలవాటులో చేయి అటే పోతుంది. బౌండరీ మాటని ఎంచుకునేది లిబ్‌కర్ల్. హెడర్ చివర దాన్ని చేర్చేదీ అదే, మీరు రాయాల్సిన పని లేదు. 

ఇంకో సంగతి, పెర్ఫామ్ ఓకే అంటే సర్వర్ ఒప్పుకుందని కాదు. ప్రశ్న వెళ్ళింది, ఏదో ఒక జవాబు వచ్చింది, అంతే. ఫ్యాక్టరీలో కెమెరా మార్చిన వారానికి గుమస్తాగారు ఫోన్ చేశారు. "ఏటి బావూ, నీ పోగ్రామేమో ఎల్లిందంతాది, ఆలేమో ఏటీ రాలేదంతన్నారు" అని. కొత్త కెమెరా ఫొటోలు 3 మెగాబైట్లు. అవతల ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్ ఉంది, ఎవరూ మార్చకపోతే దాని హద్దు 1 మెగాబైటు. అది 413, అంటే పంపింది మరీ పెద్దది, అని పాపం చెబుతూనే ఉంది, నేనే వినలేదు. రెస్పాన్స్ కోడ్‌ని గెట్‌ఇన్ఫోతో తీసి చూడండి, 200 ల్లో లేకపోతే ఫొటోని క్యూలోనే ఉంచండి. పీహెచ్‌పీ సర్వరైతే దాని సొంత హద్దు విడిగా ఉంటుంది, మామూలుగా ఫైలుకి 2 మెగాబైట్లు.

నెట్ మధ్యలో తెగితే మల్టీపార్ట్ ఆగినచోట నుంచి కొనసాగదు, మళ్ళీ మొదటి నుంచే పంపాలి. అందుకని ప్రతి లాట్‌కీ ఒక నంబరు ఫీల్డు పెట్టి, అదే నంబరు రెండోసారి వస్తే వదిలెయ్యమని సర్వర్ వాళ్ళకి చెప్పాను. ప్రతి అప్‌లోడ్ మొదట్లో సరిగ్గా ఒక సెకను ఆగుతున్నట్టుంటే అది ఎక్స్‌పెక్ట్ హెడర్ పని. సర్వర్ 100, అంటే సరే పంపు, అని జవాబిస్తుందేమోనని లిబ్‌కర్ల్ ఆ సెకను చూస్తుంది. హెడర్ల జాబితాలో ఎక్స్‌పెక్ట్ అని రాసి కోలన్ తర్వాత ఖాళీ వదిలేస్తే అసలు పంపదు.

ఇవేవీ గుర్తుపెట్టుకునే ఓపిక లేకపోతే ఒక దగ్గరి దారి ఉంది. టెర్మినల్‌లో కర్ల్ కమాండ్‌కి పెద్ద ఎఫ్ ఆప్షన్‌తో ఫీల్డులు, ఫొటో ఇచ్చి ముందు అప్‌లోడ్ అయ్యేలా చూసుకోండి. తర్వాత అదే కమాండ్‌కి రెండు అడ్డగీతలు పెట్టి లిబ్‌కర్ల్ అని రాసి, పక్కన ఒక ఫైలు పేరు ఇవ్వండి. ఆ అప్‌లోడ్‌కి సరిపడే సి కోడ్ ఆ ఫైలులో రాసి పెడుతుంది. ఇది నాకు పని మొత్తం అయ్యాక తెలిసింది.

ముందు మాత్రం సర్వర్‌లో పడిన ఆ 4 బైట్ల ఫైలుని హెక్స్‌లో తెరిచి, ఏముందో ఇక్కడ రాయండి. ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్ ఈ0 అని ఉంటే స్ట్ర్‌లెన్ పనే. వేరే ఏదైనా ఉంటే నా ఊహ తప్పు, బాడీ కట్టే ఫంక్షన్ కూడా పెట్టండి, చూస్తాను.