అటక మీది కెమెరా, మూతపడుతున్న స్టూడియో: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా తాతయ్య వాడిన ఆగ్‌ఫా క్లిక్ 3 కెమెరా అటక మీద దొరికింది. ఇప్పుడు పనిచేస్తుందా? అమ్మితే ఎంతొస్తుంది? (తణుకు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వెనక మూత తెరవలేదు కదా? తెరవకండి, లోపల రీలు ఉండొచ్చు. వెనకున్న ఎర్ర కిటికీలో అంకె కనబడుతున్నా, నాబ్ తిప్పితే బిగువుగా వస్తున్నా రీలు ఉన్నట్టే. అలా ఉంటే బిగువు పోయి నాబ్ ఖాళీగా తిరిగేదాకా తిప్పేసి, నీడలో తెరిచి, రీలు విడిపోకుండా టేపు అంటించి, ఫిల్మ్ కడిగే ల్యాబ్‌కి ఇచ్చి బ్లాక్ అండ్ వైట్‌లో కడగమనండి. ఇన్నేళ్ల తర్వాత కూడా తాతయ్య తీసిన బొమ్మలు మసగ్గానైనా బయటపడొచ్చు.

డబ్బు పెద్దగా రాదు. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వాళ్లు తయారుచేసిన ఈ కెమెరా ఎన్నో మధ్యతరగతి ఇళ్లలో ఉండేది, అందుకే చవక. నన్నడిగితే అమ్మకండి, సేకరణ దీంతోనే మొదలుపెట్టండి. ఇందులో పడే 120 అనే సైజు ఫిల్మ్ ఇప్పటికీ తయారవుతోంది, రీలుకి 12 చదరపు బొమ్మలు వస్తాయి. పాత కొడాక్ బాక్స్ కెమెరాల్లో చాలావాటికి 620 అనే వేరే సైజు రీలు కావాలి. దాని తయారీని కొడాక్ 1995లో ఆపేసింది. వెడల్పు ఒకటే అయినా చుట్టే కడ్డీ సన్నం కాబట్టి 120 ఫిల్మ్‌ని చీకట్లో పాత 620 కడ్డీకి ఎక్కించుకోవాలి, మొదట్లో ఆ తంటా ఎందుకు? ఏ కెమెరా కొన్నా ముందు అడగాల్సింది ఏ రీలు పడుతుందని.

ప్రశ్న: తోలు కేసులో జాగ్రత్తగా పెట్టిన యాషికా కెమెరా లెన్స్‌లో సాలెగూడు లాంటి చారలు వచ్చాయి. ఎందుకు? (విశాఖపట్నం)

జవాబు: అది బూజు. తోలు కేసు తేమ పట్టి ఉంచుతుంది, సముద్రపు ఊళ్లో అయితే మరీను. కేసుని వేరుగా దాచి, కెమెరాని గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్‌తో పెట్టండి. లెన్స్ పై పూతని బూజు తినేసి ఉంటే ఆ మచ్చ ఇక పోదు, లేకపోతే మెకానిక్ విప్పి శుభ్రం చేయగలడు.

ప్రశ్న: జర్మన్ సైన్యం గుర్తు చెక్కిన బంగారు రంగు లైకా (ఖరీదైన జర్మన్ కెమెరా) ఒకటి చవగ్గా అమ్ముతున్నారు. తీసుకోనా? (హైదరాబాద్)

జవాబు: వద్దు. అలాంటివి దాదాపు అన్నీ సోవియట్ ఫెడ్, జోర్కీ కెమెరాల మీద పేరు చెరిపేసి చెక్కినవే. లెన్స్ విప్పి లోపల పైభాగం చూడండి, లెన్స్ వెనకభాగానికి ఆనే చోట లైకాకి చిన్న చక్రం ఉంటుంది, వీటికి నాలుకలాంటి లోహపు ముక్క ఉంటుంది. అదే ఫెడ్‌ని ఫెడ్ అని చెప్పి అమ్మితే మాత్రం సంతోషంగా కొనండి. 1930లలో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో, పిల్లలు కలిసి ఉంటూ పనిచేసే ఒక కమ్యూన్‌లో అనాథ పిల్లలు లైకాని చూసి తయారుచేసిన కెమెరా అది, దాని అసలు కథే గొప్పది, దొంగ పేరు ఎందుకు?

ప్రశ్న: మా బాబాయి స్టూడియో మూసేస్తూ కెమెరాలన్నీ నాకిస్తానన్నారు. పెట్టెల నిండా ఉన్న నెగటివ్‌లు, గాజు ప్లేట్లు (ఫిల్మ్ బదులు గాజు మీద తీసిన పాత నెగటివ్‌లు) పాత సామాన్లవాడికి వేసేస్తామంటున్నారు. కెమెరాల్లో ఏవి ఉంచుకోవాలి? (జనగామ)

జవాబు: కెమెరాల సంగతి తర్వాత, ఈ రోజే బాబాయికి ఫోన్ చేసి ఆ పెట్టెలు ఆపండి. అలాంటి కెమెరాలు ఇంకెక్కడైనా దొరుకుతాయి, కానీ మీ ఊరి పెళ్లిళ్లు, బడి గ్రూపు ఫొటోలు, ఒక్కసారే ఫొటో దిగి పోయిన ముసలివాళ్ల ముఖాలు ఇంకెక్కడా దొరకవు. ఎన్నో స్టూడియోల్లో ప్లేట్లు గీకేసి గాజు అమ్ముకున్నారు, ఫిల్మ్‌ని అందులో ఉండే వెండి కోసం కరిగించేశారు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు, 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాద్‌లో వేరే స్టూడియో కూడా పెట్టారు, 1905లో పోయారు. ఆయన పనిని ఈ రోజు ఇంత వివరంగా చూడగలుగుతున్నామంటే ప్లేట్లు మిగిలాయి కాబట్టే. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం వాటిలో 2,857 కొని భద్రపరిచింది. అవి కూడా పారేసి ఉంటే మనకి పేరు మాత్రమే మిగిలేది.

స్టూడియో రిజిస్టర్లు, పేరూ నంబరూ రాసిన కవర్లు ఒక్కటి కూడా పోనివ్వకండి, అవి లేకపోతే ఎవరి ముఖమో చెప్పేవాళ్లుండరు. బాబాయిని కూర్చోబెట్టి ఒక్కో కవరు తీస్తూ ఆయన చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి. కుటుంబాలని అడగకుండా ఆ ఫొటోలు ఎక్కడా పెట్టొద్దు. ప్లేట్లు నీళ్లతో కడగొద్దు, అంచులు మాత్రమే పట్టుకుని మెత్తటి బ్రష్‌తో గాజు వైపు దుమ్ము దులిపి, ఒక్కోదాన్ని విడిగా కాగితపు కవర్లో పెట్టి నిలువుగా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కిందివి పగులుతాయి.