ప్రతిపదార్థం పద్యానిదా, ఫిజిక్స్‌దా?

సందేహం: తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి సైన్సు వ్యాసంలో ‘ప్రతిపదార్థం’ అని చూసి, “ఇది పద్యం కింద రాసేది కదా నాన్నా!” అంది. యాంటీమేటర్‌కు ఆ మాట సరైనదేనా? బ్లాక్‌హోల్‌ను కృష్ణబిలం అనాలా, కాలరంధ్రం అనాలా?

సమాధానం: మీ అమ్మాయి అసలు చిక్కునే పట్టుకుంది. రెండూ రాతలో ఒకటే, విరుపులో వేరు. పద్యం కింద రాసేది ప్రతిపద + అర్థం. సైన్సులోది ప్రతి + పదార్థం. మొదటి ‘ప్రతి’కి ‘ఒక్కొక్క’ అని అర్థం. రెండోది ఎదురుజోడు, ప్రతిబింబంలో ఉన్న ‘ప్రతి’.

ఈ రెండో ‘ప్రతి’ యాంటీమేటర్‌కు చక్కగా అతుకుతుంది, అది మామూలు కణాల ఎదురుజోళ్లతో ఏర్పడే పదార్థం కాబట్టి. 1928లో భౌతిక శాస్త్రవేత్త డిరాక్ రాసిన సమీకరణం నుంచి ఎలక్ట్రాన్‌కు ఎదురుజోడు ఉండాలన్న ఆలోచన పుట్టింది. 1932లో మరో భౌతిక శాస్త్రవేత్త ఆండర్సన్ దాన్ని అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల జాడల్లో కనిపెట్టాడు. అదే పాజిట్రాన్. ద్రవ్యరాశి ఎలక్ట్రాన్‌దే, విద్యుదావేశం మాత్రం ధనాత్మకం. అద్దంలో ఉన్నది మనమే, కుడిచెయ్యి ఎడమైందంతే! అందుకే ‘వ్యతిరేక పదార్థం’ నాకు నచ్చదు, పగబట్టినదేదో అన్నట్టు వినిపిస్తుంది. పదార్థం, ప్రతిపదార్థం ఎదురుపడితే మాయమై గామా కిరణాలు వెలువడే మాట నిజమే. క్యాన్సర్ పరీక్షల్లో వాడే పెట్ స్కాన్ ఆ కిరణాలనే పట్టుకుంటుంది. PET అనే ఆ పేరులో మొదటి అక్షరం P పాజిట్రాన్‌దే.

రాసేటప్పుడు ఖాళీతో జాగ్రత్త. “ప్రతి కణానికీ ఒక ప్రతికణం ఉంటుంది” అన్న వాక్యం అమ్మాయి చేత రాయించండి. విడదీస్తే ఒక్కో కణం, కలిపితే ఎదురుజోడు. (వెలుతురు కణమైన ఫోటాన్‌కు తానే ప్రతికణం.) ప్రతిపదార్థానికి ఈ ఖాళీ సాయం లేదు. అందుకని పిల్లలకు రాసేటప్పుడు నేను ‘ప్రతిద్రవ్యం’ అంటాను. ద్రవ్యమంటే డబ్బు కూడా కదా అనవచ్చు, కానీ ద్రవ్యరాశి బడిలో అలవాటైన మాటే.

కాలరంధ్రం తప్పు కాదు. సంస్కృతంలో ‘కాల’కు నలుపు అనే అర్థమూ ఉంది. అయితే తెలుగువాళ్లకు కాలమంటే టైమే. పైగా రంధ్రం అనగానే చెవులు కుట్టించింది గుర్తొస్తుంది, ఇటు దూర్చితే అటు తేలుతుంది. బిలం పాము దూరే చోటు, బయటికి కనిపించేది నోరూ దాని వెనక చీకటీ. వెలుతురు కూడా వెనక్కి రాలేని దానికి కృష్ణబిలమే తగిన పేరు. 2019 ఏప్రిల్‌లో విడుదలైన ఎమ్87 గెలాక్సీ కృష్ణబిలం ఫొటో అమ్మాయికి చూపించండి. నారింజరంగు వలయం నడుమ ఆ నల్లటి నోరు కనిపిస్తుంది.